ల్యాబులోంచి పెట్టుబడి కుర్చీలోకి: ఒక చరిత్ర, మన సికిల్ సెల్

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా చిన్నాన్న కూతురికి సికిల్ సెల్. నొప్పులొచ్చిన రోజు రాత్రంతా కాళ్ళు పిసుకుతూ కూర్చోవడం తప్ప ఇంట్లో వాళ్ళకి ఇంకేం తెలిసేది కాదు. నేను డిగ్రీలో బయోటెక్నాలజీ తీసుకుంటే, "చదివి మందు కనిపెడతావా?" అని అడిగాడు చిన్నాన్న. కనిపెట్టడం ఒక్కటే చాలదని, దానికి డబ్బు పెట్టే మనిషి వేరే ఉంటాడని నాకు కాలేజీకి వచ్చాకే తెలిసింది.

ఆ మనిషి ఎప్పుడు పుట్టుకొచ్చాడు? 1973లో అమెరికాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ జన్యువుల్ని కత్తిరించి, అతికించి, బ్యాక్టీరియాలో పెంచే పద్ధతి చూపించారు. 1976లో రాబర్ట్ స్వాన్సన్ బోయర్ దగ్గరికి వెళ్ళాడు. కెమిస్ట్రీ, మేనేజ్‌మెంట్ రెండూ చదివి, పెట్టుబడి సంస్థలో పనిచేసినవాడు. ఇద్దరూ తలా 500 డాలర్లు వేసుకుని జెనెన్‌టెక్ మొదలుపెట్టారు. క్లైనర్ పెర్కిన్స్ అనే పెట్టుబడి సంస్థ లక్ష డాలర్లు ఇచ్చింది. అప్పటిదాకా ఇన్సులిన్ పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవాళ్ళు. 1978లో వీళ్ళు బ్యాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ చేయించారు, 1982లో అది మందుగా అనుమతి పొందింది.

దాంతో పెట్టుబడి సంస్థలకు ఒక అవసరం పడింది: సైన్సు తెలిసిన మనిషి కావాలి. ఆ దారిలో వెళ్ళినవాళ్ళలో నూబార్ అఫేయాన్ ఒకడు. బీరూట్‌లో అర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. యుద్ధం వల్ల 1975లో ఇల్లు వదిలి కెనడా చేరారు. 1987లో ఎంఐటీలో బయోకెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, అదే ఏడు ప్రొటీన్లు శుద్ధిచేసే పరికరాల కంపెనీ పెట్టాడు. 1998లో దాన్ని అమ్మేశాక, 2000లో ఫ్లాగ్‌షిప్ అనే పెట్టుబడి సంస్థ పెట్టాడు. 2010లో అక్కడి నుంచి వచ్చిందే మోడెర్నా. 2020లో కోవిడ్ టీకా ఇచ్చిన కంపెనీ అదే.

ఈ ఉద్యోగంలో పనేంటంటే, ప్రయోగం ఫలితం నిజమా కాదా, పేటెంటు ఎవరిది, మనుషుల మీద పరీక్షలకు ఎన్నేళ్ళు పడుతుంది, చివరికి కొనేదెవరు అని చూడడం. ఫండ్ సాధారణంగా పదేళ్ళకే ఉంటుంది, ఆలోపు డబ్బు తిరిగి రావాలి. చాలా కంపెనీలు మునుగుతాయి, ఒకటో రెండో గట్టెక్కి మిగతావాటి నష్టం తీరుస్తాయి.

మనకు దెబ్బ తగిలేది "కొనేదెవరు" అన్న ఆ చివరి ప్రశ్న దగ్గరే. సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌లో తేడా వల్ల వస్తుందని లైనస్ పాలింగ్ బృందం 1949లోనే చెప్పింది. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని గుర్తించారు. అమెరికాలో ఈ జబ్బుకు హైడ్రాక్సీయూరియాను అనుమతించింది 1998లో. అదీ వేరే జబ్బుకు వాడుతున్న పాత మందే. 2023 డిసెంబరులో అమెరికాలో కాస్‌జెవీ అనే జన్యు చికిత్స వచ్చింది. అప్పుడు అక్కడ దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు! సైన్సు మన దాకా వచ్చింది, ధర మాత్రం రాలేదు.

ప్రభుత్వ డబ్బుతో ఇంకో దారి ఉంది. 2025 నవంబరులో సీఎస్ఐఆర్ శాస్త్రవేత్తల సికిల్ సెల్ జన్యు చికిత్సకు బిర్సా ముండా పేరు మీద 'బిర్సా 101' అని పేరు పెట్టారు. అది మన పల్లెల్లోకి రావాలంటే ఇంకా పరీక్షలు జరగాలి, తయారీకి డబ్బు కావాలి.

ల్యాబు వదిలి డబ్బు వైపు పోవడం సైన్సుకు ద్రోహం అని మా క్లాసులో కొందరంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవట్లేదు. ఏ జబ్బు లెక్కలోకి వస్తుందో ఆ కుర్చీలోనే తేలుతుంది. అక్కడ నొప్పుల రాత్రి చూసినవాడు ఒక్కడు కూర్చున్నా "కొనేదెవరు?" అన్నప్పుడు ప్రభుత్వాన్ని, ఆశ్రమ పాఠశాలల్ని, మన ఊళ్ళని గుర్తు చేస్తాడు. డబ్బు తిరిగి రావాలనే రూలు వాడికీ ఉంటుంది, అది మర్చిపోకూడదు.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంటర్లో బైపీసీ తీసుకున్నవాళ్ళు డాక్టర్, నర్సు దగ్గరే ఆగొద్దు. ముందు ల్యాబు పని గట్టిగా నేర్చుకోండి, పక్కనే లెక్కలు, పేటెంట్లు కూడా చదవండి. మన గ్రూపులో ఈ వైపు వెళ్ళిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. చిన్నాన్నకి నేనింకా జవాబు బాకీ ఉన్నాను.