మగ్గపుగుంట, మిల్లుకప్పు

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో వేసవి మధ్యాహ్నమున ఒక నేతయింట అడుగుపెట్టినచో ఒక వింత తోచును. బయట ఎండ నిప్పులు చెరుగుచుండును. నేతగాని కాళ్లు మాత్రము చల్లగనే యుండును. ఏలనన అవి నేలలో త్రవ్విన మగ్గపుగుంటలో నుండును. పనిచోటును చల్లబరచుట యనగానే మనకు విద్యుద్యంత్రములే తలపునకు వచ్చుచున్నవి గాని, ఈ విద్యకు మన సీమలో పాత చరిత్రయే కలదు. ఆ చరిత్రను పరికించినచో ఒక ప్రశ్న ఎదురగును: ఈ చల్లదనము పోగుకొరకా, మనిషికొరకా?

పొందూరు ఖద్దరు సన్నని నూలుకు పేరుగన్నది. సన్నని పోగు పొడిగాలికి పెళుసెక్కి తెగును. గాలిలో తేమయున్న సాగి నిలుచును. గుంటలోని మట్టి తేమను విడుచుచుండును. పడుగు నేలకు దగ్గరగా నుండుటచే ఆ తేమ దానికందును. పడుగునకు గంజిపెట్టు పని ఎండ ముదురకముందే ముగింతురు. ఇట్లు ఒకే గుంట పోగును, మనిషిని గూడ కాపాడినది. అయినను దానికి లోపము లేకపోలేదు. వానకాలమున గుంటలో నీరూరును. నేతగాడు ఆ చెమ్మలోనే కాళ్లుంచి పనిచేయవలెను.

పిదప మిల్లులు వచ్చినవి. మన గోగునార బిమ్లీ జనుము అను పేర దేశాంతరముల కెగుమతి యయ్యెడిది. చంపావతీ తీరమున నెల్లిమర్లలోను, భీమునిపట్టణము చేరువ చిట్టివలసలోను నారమిల్లులు వెలసినవి. ఈ పరిశ్రమకు ఒజ్జబంతి స్కాట్లండులోని డండీ నగరము. అచటి మిల్లులకు రంపపుపండ్ల వంటి కప్పు వేసి, అద్దములను ఉత్తరమునకు తిప్పుట వాడుక. మధ్యాహ్న సూర్యుడెప్పుడును దక్షిణముననే యుండు ఆ దేశమున మధ్యాహ్నపుటెండ లోనికి రాదు. విజయనగరము 18వ అక్షాంశము దాపున నున్నది. ఇచట మే రెండవ వారము దాటినది మొదలు జూలై చివరివరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఇంచుక ఉత్తరముగనే యుండును. శీతలదేశపు కప్పును ఇచ్చట అట్లే నిలిపినచో, ఉక్క మెండుగా నున్న దినములలోనే అద్దములు ఎండకు ఎదురుగా నిలుచును.

మిల్లులోను పోగునకు తేమ కావలెను. జనుపనారను నూనె, నీరు కలిపి మెత్తపరతురు. నూలుమిల్లులలో ఆవిరిని, నీటి తుంపరలను గాలిలోనికి విడుచుట పరిపాటి యాయెను. పోగు నిలిచినది, మనిషి చెమట మాత్రము ఆరక నిలిచినది. ఇంగ్లండులో నేతపనివారి మొరలపై 1889లో చట్టము చేసి, ఇంత వేడికి ఇంతకుమించి తేమ కూడదని హద్దు పెట్టిరి. 1905లో హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకమే దేహబాధకు సరియైన కొలత యని చూపెను. గాలి కదలనిచోట ఆ కొలత సుమారు 31 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో, ఊరక కూర్చున్నవాని దేహము సైతము వేడెక్కసాగును. శ్రమించువానికి ఆ హద్దు ఇంకను తక్కువ.

ఈ కొలతతోనే పద్ధతులను పోల్చవచ్చును. వట్టివేళ్ల తడికలైనను, నేటి నీటికూలరులైనను, గాలిని తడికొలతకు దిగువకు దింపజాలవు. గాలి 40 డిగ్రీల వేడితో నూటికి 20 పాళ్ల తేమ కలిగిన మెట్టసీమలో తడికొలత 23కు దగ్గరగా నుండును. తడిక అచట వరమే. 35 డిగ్రీల వేడి, నూటికి 60 పాళ్ల తేమ గల మన సముద్రతీరమున అది 28 దాటును. తడిక వలన కలుగు మేలు స్వల్పము, చెమ్మ అధికము. కనుక మనకు తగిన మొదటి ఉపాయము గాలి కదలిక: ఎత్తైన కప్పు, వేడిగాలి వెడలు మార్గము, సముద్రపుగాలికి ఎదురుగా కిటికీలు, పంకాలు. గాలి కదలిననే చెమట ఆరును.

గాలిలోని తేమను తీసివేయు యంత్రము 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున కారియర్ అను ఇంజనీరు రూపకల్పనతో వచ్చినది. అదియు మనిషికొరకు గాదు. అచ్చుకాగితము చెమ్మకు ఉబ్బి రంగులు చెదరకుండుటకు. ఎయిర్ కండిషనింగు అను మాటను 1906లో వాడుకకు తెచ్చిన క్రేమర్ సైతము నూలుమిల్లుల ఇంజనీరే. మనిషి పేర మాటాడినది చట్టము. మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, పనివానికి సుఖమును ఆరోగ్యమును కలిగించు గాలి, వేడిమి ఉండవలెననియు, గాలిలో చల్లు నీరు త్రాగునీటి వంటి శుద్ధి కలదై యుండవలెననియు శాసించెను.

పోగు తెగిన వెంటనే కంటికి కనబడును. మనిషి సత్తువ తరుగుట వెంటనే కానరాదు. అందుచేతనే చల్లదనము పోగునకు ముందు, మనిషికి వెనుక అందినది. ఏ కర్మాగారమును చూచినను, అచటి యంత్రమెంత చల్లగా నున్నదని గాక, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము పనివాని ప్రక్కన ఎంత చూపుచున్నదని అడుగవలెనని మా మనవి.