నిలబడే చదివేసిన కథ

భాగల్పూర్ డిప్యూటీ మేజిస్ట్రేట్ సయ్యద్ సఖావత్ హుస్సేన్ క్యాంపు ముగించుకుని ఇంటికొచ్చాడు. ఈ రెండు రోజులూ ఒక్కదానివీ ఏం చేశావని భార్యను అడిగాడు. జవాబుగా ఆమె కొన్ని కాగితాలు చేతిలో పెట్టింది. ఇంగ్లీషులో రాసిన కథ. ఆయన కూర్చోనైనా లేదు. మొదటి కాగితం నుంచి చివరిదాకా నిలబడే చదివాడు. చదివి, భయంకరమైన పగ అన్నాడు.

ఆ భార్య రొకేయా. వయసు పాతికేళ్లు. బడి గడప తొక్కి చదువుకున్న మనిషి కాదు. ఆ కథ ‘సుల్తానాస్ డ్రీమ్’. 1905లో అచ్చయింది.

కథలో సుల్తానా పడక్కుర్చీలో కూర్చుని మన దేశపు ఆడవాళ్ల గతి గురించి ఆలోచిస్తూ ఉంటుంది. సిస్టర్ సారా అనే స్నేహితురాలు వచ్చి అలా బయటికి వెళ్దాం రమ్మంటుంది. రాత్రే కదా, మగ నౌకర్లు నిద్రలో ఉంటారులే అన్న ధైర్యంతో సుల్తానా కదులుతుంది. తీరా చూస్తే బయట పట్టపగలు. ముసుగు లేకుండా నడవడం అలవాటు లేక ముడుచుకుపోతుంటే, దారిన పోయే ఆడవాళ్లు ఈవిడ అచ్చం మగాడిలా ఉందని నవ్వుకుంటారు. లేడీల్యాండ్ అనే ఆ దేశంలో మగాడిలా అంటే బిడియంగా, బెరుగ్గా అని. ఆ ఒక్క మాటలో కథంతా ఉందని నాకనిపిస్తుంది. పిరికితనం ఎవరికీ పుట్టుకతో రాదు. నాలుగు గోడల మధ్య ఎవరిని పెడితే వాళ్లకి అంటుకుంటుంది.

ఆ దేశంలో మగవాళ్లంతా మర్దానాలో, అంటే మగవాళ్ల ఘోషాలో ఉంటారు. వంట చేస్తారు, పిల్లల్ని ఆడిస్తారు. ఎలా వచ్చిందీ స్థితి? రాణి ఆడపిల్లలకు బళ్లు పెట్టించింది. ఇరవై ఒకటి నిండందే పెళ్లి కూడదంది. రెండు విశ్వవిద్యాలయాలు లేచాయి. ఒకదాంట్లో మబ్బుల్లోంచే నీళ్లు తోడుకునే బెలూన్ చేశారు. రెండోదాంట్లో సూర్యుడి వేడిని పోగుచేసి దాచే యంత్రం చేశారు. మగవాళ్లు సైన్యాన్ని పెంచుకునే పనిలో ఉండి ఇదంతా చూసి నవ్వారు. తర్వాత యుద్ధం వచ్చి చిత్తుగా ఓడారు. అప్పుడు ఒక విశ్వవిద్యాలయం ప్రిన్సిపాల్, మగవాళ్లు ఘోషాలోకి వెళ్తే ఒక ప్రయత్నం చేస్తామంది. రెండు వేల మంది విద్యార్థినులతో వెళ్లి, దాచిన ఎండనంతా శత్రువు మీదికి తిప్పింది.

తిరగేసిన లోకం, ఆడదాని కసి అని ఇక్కడితో పుస్తకం మూసేసేవాళ్లున్నారు. మగవాళ్లు లోపలికి ఎలా వెళ్లారో ఇంకోసారి చదవండి. ఎవరూ చెయ్యి పట్టి ఈడవలేదు. అలసిపోయి, వేరే దారి తోచక తమంతట తామే వెళ్లారు. కొన్నాళ్లకు పోలీసు కమిషనర్లు, జిల్లా మేజిస్ట్రేట్లు మా కొలువులు మాకిప్పించమని రాణికి కబురంపారు. అవసరమైతే పిలుస్తాం, అందాకా అక్కడే ఉండండని జవాబొచ్చింది. రాసినావిడ భర్త మేజిస్ట్రేటు. ఆ వాక్యాలు కూడా ఆయన నిలబడే చదివాడు! తర్వాత మగవాళ్లు సణగడం మానేశారు. ఘోషా వాళ్లకు అలవాటైపోయింది. అలవాటు కాస్తా ఆచారమై, ఆచారం స్వభావంలా కనబడే దాకా వచ్చే దారిని ఇంత చిన్న కథలో ఇంత స్పష్టంగా చూపించినవాళ్లు అరుదు.

ఆ దారి రొకేయా నడిచి తెలుసుకున్నది. 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్ జమీందారీ ఇంట్లో పుట్టింది. అయిదో ఏటి నుంచే పరాయి ఆడవాళ్లకు కూడా కనబడకూడదు. ఒకసారి కలకత్తాలో చుట్టాల పనిమనుషులు ఇల్లంతా తిరుగుతున్నారని ఆ పసిదాన్ని పై అంతస్తు గదిలో దాక్కోమన్నారు. నాలుగు రోజులు. దాదాపు తన ఈడే ఉన్న మేనల్లుడు గుర్తొచ్చినప్పుడు తెచ్చిపెట్టిందే తిండి. తండ్రి ఇంగ్లీషు, బెంగాలీ చదవనివ్వలేదు. ఇల్లు నిద్రపోయాక అన్న ఇబ్రహీం కొవ్వొత్తి వెలుగులో ఇంగ్లీషు నేర్పాడు. ఇలా దొంగచాటుగా అక్షరాలు దిద్దుకున్న పిల్ల పెద్దయ్యాక కల కంటే అందులో రెండు విశ్వవిద్యాలయాలు ఉండవా మరి. ఆ కథలో బెలూన్, ఎండను దాచే యంత్రం వాటిలోంచే పుట్టాయి.

కథను మద్రాసులో ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ వేసుకుంది. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్, తెలుగింటి ఆడపడుచు. 1908లో పుస్తకంగా వచ్చింది.

మరుసటి ఏడాది సఖావత్ పోయాడు. ఆడపిల్లల బడి కోసం పదివేల రూపాయలు విడిగా ఉంచి మరీ పోయాడు. ఆ కథను పగ అన్న మనిషే! రొకేయా అయిదుగురు పిల్లలతో భాగల్పూర్‌లో మొదలుపెట్టిన బడిని, కుటుంబంలో తగాదాలొచ్చి కలకత్తాకు మార్చుకుంది. 1911 మార్చి 16న అక్కడ చేరినవాళ్లు ఎనిమిది మంది.

పిల్లల్ని తేవడానికి బస్సు కావాలి, అందులోనూ ఘోషా ఉండాలి. గాలి ఆడకుండా మూసేసిన బస్సు తయారైంది. నడిచే చీకటి కొట్టు. లోపల పిల్లలు వాంతులు చేసుకున్నారు, ఏడ్చారు, స్పృహ తప్పారు. తలుపు రెక్కలు తీయించి పరదాలు కట్టిస్తే, గాలికి పరదా లేస్తోంది, ఘోషా చెడుతోంది, రేపటికల్లా మార్చకపోతే పత్రికలకెక్కిస్తామని ఉత్తరాలొచ్చాయి. లేడీల్యాండ్‌లో ఆడవాళ్లు గాలి కారులో ఎగురుతారు. ఆ కథ రాసిన చెయ్యే పరదా ఎన్ని అంగుళాలుండాలో లెక్కలు చూసుకుంటోంది. అయినా బడి మూయలేదు.

కథ చివర సుల్తానా గాలి కారులోంచి జారిపడి మేలుకుంటుంది, చూస్తే తన పడక్కుర్చీలోనే ఉంటుంది. రొకేయా 1930లో నిజం విమానమెక్కింది. ఏభై ఏళ్ల వయసులో ఏభై మైళ్లు ఎగిరి దిగింది. ఆ ప్రయాణం గురించి బెంగాలీలో వ్యాసం రాసింది. పాతికేళ్ల కిందట భర్త క్యాంపు నుంచి వచ్చి, కాగితాలందుకుని, నిలబడే చదివేసిన సంగతి అందులోనే చెప్పింది.