అంకెలకు ఆకృతి



కరణముగారి లెక్కల పుస్తకమును చూచినవారికి ఒక సంగతి తెలియును. అందలి ప్రతి అంకెయు నిజమే యైనను, నూరు పుటలు తిరుగవేసిన పిమ్మట కూడ గ్రామము స్థితి యిట్టిదని మనస్సునకు తోఁచదు. మెరక యెక్కడ, పల్ల మెక్కడ అన్నది గట్టుమీఁద నిలిచినవానికి ఒక్క చూపులో తెలియును. పద్దులలో ఎంత వెదకినను కానరాదు. అంకెలను కూడ అట్లే గట్టుమీఁద నిలిచి చూచుటకు వీలగునా యని ప్రయత్నించినవారి చరిత్రమును నేఁడు మనవి చేసెదను.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున విల్లర్డ్ గిబ్సు అను ఆచార్యుఁడు 1873లో రెండు వ్యాసములు ప్రకటించెను. ఒకే పదార్థము గడ్డగా, ద్రవముగా, ఆవిరిగా మారుచుండును గదా. ఆ మార్పుల నన్నింటిని మూఁడు రాశులతో తెలుపవచ్చునని ఆయన చెప్పెను. అవి పదార్థ మాక్రమించు చోటు, దానియందలి శక్తి, ఎంట్రోపీ అనునవి. ఎంట్రోపీ యనఁగా, శక్తి పనికి రాకుండ ఎంతవఱకు చెదరిపోయినదో తెలుపు కొలత యని స్థూలముగా గ్రహింపవలెను. ఈ మూఁటిని పొడవు, వెడల్పు, ఎత్తులుగా కొలిచినచో ఒక కొండవాలు వంటి తల మేర్పడును. ఆ వ్యాసములను చదివినవారు కొలఁదిమంది. ఆ కొలఁదిమందిలో కేంబ్రిడ్జి యందలి క్లర్కు మాక్సువెల్ ఒకఁడు.

మాక్సువెల్ చదివి మెచ్చి యూరకుండలేదు. 1874లో తన చేతులతోనే బంకమట్టి పిసికి ఆ తలమును రూపొందించెను. అది సరిగా నీటిది కాదు, నీటివంటి యొక పదార్థమునది. సూక్ష్మభేదములు కంటి కగపడుటకై వానిని పెంచి చూపెను. ఆ తలముపై ఒక్కొక్క గీతను గుర్తించుటకు ఆయన పన్నిన యుపాయము మిక్కిలి ముచ్చటైనది. బొమ్మను ఎండలో నుంచి, సూర్యకిరణములు దాని వంపును ఒరసికొని పోవు చోట్లను వెంబడించి గీత గీచెను. గణితమును ఎండ చేత చేయించుట యన్నమాట. పిమ్మట ప్లాస్టరుతో అచ్చులు పోయించి, ఒకటి సముద్రము దాఁటించి గిబ్సునకు పంపెను.

ఇట్టిపనియే జనాభా లెక్కలకు చేసినవాఁడు ఇటలీ దేశపు లూయిజీ పెరోజో. స్వీడను దేశమున మతగురువులు ఊరూర నుంచిన జనన మరణముల పట్టీలను 1749 నుండి ప్రభుత్వమువారు కూర్చుచుండిరి. పెరోజో 1750 మొదలు 1875 వఱకు గల ఆ దేశపు లెక్కలను గైకొని, సంవత్సరము ఒక దిక్కునకు, వయస్సు ఒక దిక్కునకు, జనసంఖ్య ఎత్తుగా ఒక చిత్రమును 1880లో ప్రకటించెను. అది పుట్టినవారి వైపు ఎత్తుగా లేచి ముసలివారి వైపు పల్లమునకు దిగిపోవు కొండ. ఒకే యేఁట పుట్టినవా రందఱును ఆ వాలుమీఁద ఏటవాలుగా దిగుచు, కొంచెము కొంచెముగా తఱిగిపోవుదురు. పట్టికలో ఈ యంకెలన్నియు నున్నవే. కాని ఒక తరము నడచి పోవుట పట్టికలో కానరాదు.

ఇంతవఱకు కొండను వెలుపలి నుండి చూచుటయే. లోపలికి పోవలసి వచ్చినపుడు చిక్కు కలిగెను. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ తిమింగిలపు కండరములోని మయోగ్లోబిన్ అను మాంసకృత్తు నిర్మాణమును ఎక్స్‌రే కిరణములతో పరిశోధించి, అంకెల రాశులను కంప్యూటరుచే గుణింపించి, 1958లో మొదటి నమూనాను వెల్లడించెను. చక్కని పొందిక కనఁబడునని యెదురు చూచినవారికి చుట్టలు పడిన పేగువంటి యాకృతి కనఁబడెను! ఆ తరువాత మఱింత సూక్ష్మమైన నమూనా కొఱకు ఆఱడుగుల కడ్డీలను రెండువేల ఐదువందల వఱకు నిలువుగా నిలిపి, వానికి రంగురంగుల బిళ్లలు తగిలించిరి. ఏ బిళ్ల యే చోట నున్నచో ఆ చోటి సాంద్రత తెలియును. కాని ఆ కడ్డీల యడవిలో నమూనా సరిగా కనఁబడకుండుటయే గాక, దానిని సవరించుటకు చేయి చొప్పించుటయు కష్టమయ్యెను. ఇట్టి మాంసకృత్తుల నిర్మాణ పరిశోధనలకే 1962లో కెండ్రూకు, పెరుట్జుకు నోబెల్ బహుమానము లభించినది.

కడ్డీలు లేని యడవి కావలసివచ్చెను. 1960ల నడుమ అమెరికాలో లెవింతాల్ అను శాస్త్రజ్ఞుఁడు మాంసకృత్తు బొమ్మను కంప్యూటరు తెరకెక్కించెను. చేతిక్రింది గోళమును త్రిప్పినకొలఁది బొమ్మయు తిరుగును. తిరుగుట చేతనే చదునైన తెరమీఁద లోఁతు తోఁచును. 1968లో ఐవన్ సదర్లాండు ఇంకొక యడుగు ముందునకు వేసెను. కన్నులకు చెరియొక చిన్న తెర తగిలించి, తల యెటు త్రిప్పిన నటు బొమ్మయు మాఱునట్లు చేసెను. ఆ యంత్రమును పైకప్పు నుండి వ్రేలాడఁగట్టవలసి వచ్చెను. చూచుటకు మిగిలినవి గీతలతో కట్టిన కొలఁది బొమ్మలే. అయినను మనుష్యుఁడు బొమ్మకు వెలుపల నుండుట మాని లోపల నిలుచుట అచ్చటనే ప్రారంభమైనది.

దాని ఫలితము 1991 నాఁటికి నాసావారి ఏమ్సు పరిశోధనాలయమున కనఁబడెను. విమానము చుట్టును గాలి యెట్లు పాఱునో కంప్యూటరు లెక్కించిన యంకెలలో, బ్రైసన్, లెవిట్ అనువారు మనుష్యుని నిలువఁబెట్టిరి. చేతికి తొడుగు తొడిగికొని ఇచ్చవచ్చిన చోట వ్రేలుంచినచో అచ్చటి నుండి గాలి దారులు గీతలై సాగును. నిజమైన గాలిసొరంగములో చేయి పెట్టినచో చేయియే గాలిని చెదరఁగొట్టును. ఇచ్చట ఆ దోషము లేదు. నాకు ఈ చరిత్రలోకెల్ల ఇంత సార్థకమైన ఘట్టము మఱొకటి తోఁచదు. మఱుసటి యేఁట షికాగోలో గోడలయందును నేలయందును బొమ్మలు పడు గదినే కట్టి, ప్లేటో చెప్పిన గుహను తలఁపించునట్లు ‘కేవ్’ అని పేరిడిరి.

వర్తకమున కిది యెంతవఱకు పనికివచ్చును? 1999లో న్యూయార్కు వాటాల బజారువారు తమ వ్యాపారశాల నంతయు కంప్యూటరులో కట్టించి, క్రయవిక్రయముల యంకెలను, యంత్రముల స్థితిని అందు చూచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. కట్టినవారు ఎసింప్టోటు అను వాస్తుశిల్పుల సంస్థవారు. యంత్రము చెడిన చోటు నెఱుఁగుటకు అది తగినదే, ఏలయన యంత్రమునకు నిజముగా ఒక చోటు కలదు. వాటా ధరకు చోటెక్కడిది? దానిని గోపురముగా కట్టినచో ముందఱి గోపురము వెనుకటి దానిని మూయును. దగ్గఱది పెద్దదిగను, దూరమైనది చిన్నదిగను తోఁచును. దుర్యోధనుఁడు మయసభలో నీటిని నేల యనుకొని పడినది కన్నులు లేక కాదు గదా. 1984లోనే క్లీవ్‌లాండు, మెక్‌గిల్ అను అమెరికా పండితులు మనుష్యులచే పరీక్ష చేయించి, ఒకే కొలబద్దమీఁది స్థానములను పోల్చుటలో మన కన్ను మిక్కిలి నమ్మదగినదని తేల్చి, ఘనపరిమాణములను పోల్చుటలో అంతగా నమ్మదగినది కాదని ఊహించియుండిరి.

మాక్సువెల్ బొమ్మలో పొడవు వెడల్పు ఎత్తులు మూఁడును వాడబడుటకు కారణము రాశులు మూఁడగుటయే; సొగసునకై చేర్చిన దొకటియు లేదు. నేఁటికిని వర్తకులు ధరల పెఱుగుట తఱుగుటలను చూచునది చాలవఱకు చదునైన తెరమీఁది వంకర గీతలలోనే.