చేసినవాడే సాకుతాడా? సరిహద్దు కొండల్లో ఒక నమ్మకం కథ



బంధుగాం సంతలో ఓ గంట నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వర్తకుడు తెలుగులో ధర చెబుతాడు. కొండ దిగి వచ్చిన ఆమె పక్కనున్న మనిషితో కువిలో ఆలోచన చేసుకుని, ఒడియాలో బేరమాడుతుంది. నేను తెలుగు, ఒడియా రెండూ పాఠం చెప్పేవాడిని కనుక నా చెవి ముందు మాటల మీదకు పోతుంది, సరుకు మీదకు తర్వాత. ఈ పూట మీతో ముచ్చటించదలచినదీ ఒక మాట గురించే. లోకాన్ని దేవుడు సృష్టించాడు, దేవుడే దాన్ని నిలుపుతున్నాడు అని క్రైస్తవులు నమ్ముతారు. ఆ మాట మన కొండలకు ఎలా వచ్చింది? వచ్చి ఎవరిని తాకింది?

ముందు ఆ నమ్మకమేమిటో చూద్దాం. క్రీస్తుశకం 325లో నైసియాలోనూ, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ కూడిన సభల పేరుతో ఒక విశ్వాస ప్రమాణం ఉంది. కనిపించేవాటినీ కనిపించనివాటినీ చేసినవాడు ఒక్కడే దేవుడన్న మాటతో అది మొదలవుతుంది. సృష్టి, స్థితి, లయ అన్న మూడు మాటలు మనకు కొత్త కాదు. పురాణం చెప్పేవారు ఆ మూడు పనులకూ ముగ్గురు మూర్తులను చూపిస్తారు. క్రైస్తవం పనులను అలా పంచదు. కుమ్మరికి మట్టి ఉన్నట్టు దేవుడికి ముందే ముడిసరుకు ఉందనీ ఒప్పుకోదు. ఏమీ లేనిచోట కలగజేశాడంటుంది. చేసి వదిలేశాడనీ అనదు. 18వ శతాబ్దంలో ఐరోపా మేధావులు కొందరు దేవుణ్ణి గడియారం చేసేవాడితో పోల్చారు, కీ ఇచ్చి పక్కకు తప్పుకున్నాడని. చర్చి ఆ పోలికను అంగీకరించలేదు. ఆయన చెయ్యి తీస్తే లోకం నిలవదన్నది వారి పక్షం.

మార్టిన్ లూథర్ 1529లో ఇళ్ళలో చెప్పుకోవడానికి ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. అందులో సృష్టికర్త సంగతి చెబుతూ చుక్కల దగ్గర ఆగిపోలేదు. ఒంటి మీద బట్ట, కాళ్ళకు చెప్పులు, తిండి, ఇల్లు, పొలం, పశువులు దాకా దిగివచ్చాడు. ఆ పుస్తకం ఇక్కడ జ్ఞాపకం చేయడానికి కారణముంది. మన ప్రాంతానికి వచ్చి స్థిరపడింది లూథరన్ శాఖే.

జర్మనీ ఉత్తరపు అంచున బ్రెక్లుం అనే చిన్న ఊరు. 1876లో అక్కడి పాదిరి క్రిస్టియన్ యెన్సెన్ ఒక మిషన్ సంఘం పెట్టాడు. వారు పంపిన ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరు బస్తర్ పోదామనుకున్నారు. అక్కడ చోటు దొరకలేదు. 1882లో కోరాపుట్‌లో దిగారు. తర్వాత సాలూరు, పార్వతీపురం, జయపురం. అప్పుడిదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యే దాకా మధ్యలో ఈ గీత లేదు. సంఘం మాత్రం 1928లోనే జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుకట్టింది.

ఇందులో దొరలే అంతా చేశారనుకోకండి. వారికి చాలా ముందే, రెండు భాషలూ వచ్చిన మనవాడొకడున్నాడు. పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో మరణించేవరకు ఆయన రాసిన కీర్తనలు చాలావరకు తెలుగువే. అవి నేటికీ తెలుగు చర్చిలలో పాడుతున్నారు. సరిహద్దున పుట్టినవాడికి రెండు నోళ్ళుంటాయని మావాళ్ళు వేళాకోళమాడతారు గానీ, ఆ రెండు నోళ్ళ వల్లే తెలుగు పాటకు ఈ సంపద దక్కింది.

తెలుగులో చిక్కు లేదు. దేవుడు, సృష్టికర్త, పోషకుడు అన్నీ సిద్ధంగా ఉన్న మాటలే. చిక్కంతా కువితో వచ్చింది. సాలూరులో పనిచేసిన షుల్జే అనే పాదిరి 1911లో కువి వ్యాకరణం అచ్చువేయించాడు, 1913లో పదకోశం. కువిలో దేవతకు ‘పెను’ అన్న మాట ఉంది. అయితే ‘పెను’ ఒక్కడు కాదు. కొండకొకడు, ఏటికొకడు, అందరికంటే దగ్గరగా ధరణి పెను, అంటే భూదేవత. ఊరి నడుమ పాతిన రాళ్ళే ఆమె గుడి. కువి క్రైస్తవుల ప్రార్థనల్లో వినబడేది ‘మహాపురు’. ‘మహాప్రభు’ అన్న మాటే జనం నాలుకల మీద అరిగి అలా అయిందని నాకు తోస్తుంది. అదీ పాదిరులు పుట్టించింది కాదు. బోండోల మీద 1950లో వెరియర్ ఎల్విన్ రాసిన పుస్తకంలోనూ మహాప్రభు ఉన్నాడు.

కొందులకు సృష్టికర్త తెలియడనుకోవడం పొరపాటు. 19వ శతాబ్దంలో మాక్‌ఫర్సన్ అనే సైనికాధికారి ఉత్తరాది కొందుల మాటగా ‘బూరా పెను’ అనే వెలుగు దేవుణ్ణి, ‘తారి’ అనే భూదేవతను పేర్కొన్నాడు. చేసినవాడు బూరా. కానీ విత్తనం మొలవాలంటే మొక్కవలసింది తారికి. నరబలి, అదే మెరియా, ఆమెకే ఇచ్చేవారు. దాన్ని మాన్పడానికి 1845లో ప్రభుత్వం ప్రత్యేక ఏజెన్సీనే పెట్టింది. నరుడి చోటికి తర్వాత దున్నపోతు వచ్చింది.

చేసేవాడు ఒకడు, సాకేది మరొకరు: కొండ మీది లెక్క ఇది. రెండూ ఒక్కడివేనన్నది కొత్త బోధ. వినడానికి చిన్న తేడా. విత్తనాల వేళకు అది పెద్దదవుతుంది. మన కొండల్లో కొత్త పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరు. కందికొత్త, మామిడి కొత్త, దేనికది వేరు. ఊరంతా చందా వేసుకోవాలి, దిసారి మంచిరోజు చెప్పాలి. నేల దేవత కాదు, దేవుడు చేసిన వస్తువే అని నమ్మినవాడు చందా ఇవ్వనంటే ఊరు ఊరుకుంటుందా? వానలు పోతే తప్పు ఎవరిదంటారు? ఇవి వేదాంత ప్రశ్నలు కావు. పక్కపక్క ఇళ్ళ మధ్య తగవులు. క్రైస్తవులు ఆ ఖాళీని కోత పండుగతో పూడ్చుకున్నారు. మొదటి పంటను, గుమ్మడికాయను, కోడిని బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు.

నేలను వట్టి వస్తువు చేసేస్తే దోచుకోవడానికి అడ్డేముందని ఒక అభియోగముంది. 1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు ఈ నేరం క్రైస్తవం మీదే మోపాడు. నాకది సగమే నిజమనిపిస్తుంది. తోటను సేద్యం చెయ్యి, కాపాడు అన్న ఆజ్ఞ బైబిలు మొదటి పుస్తకంలోనే ఉంది. మిగతా సగాన్ని మాత్రం కొట్టిపారేయలేను. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు నియమగిరిలో బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. కొండే మా దేవుడి ఇల్లు అని డొంగ్రియా కొందులు అక్కడ చెప్పుకున్నారు.

శ్రోతలారా, మీ ఇళ్ళలో పెద్దవారుంటే, విత్తు చల్లేముందు వారు ఎవరి పేరు తలిచేవారో, ఏ భాషలో తలిచేవారో అడిగి, ఆ మాట వారు పలికినట్టే ఒక కాగితం మీద రాసి ఉంచండి.