భావనారాయణ నామము – దాని పుట్టుపూర్వోత్తరములు



ఇట్టి సంచికలలో మార్కండేయ మహాముని మహిమమును, మన పూర్వుల నేఁతనేర్పును, విద్యాభివృద్ధికై మనము చేయవలసిన కృషిని గూర్చి పెద్దలు వ్రాయుట పరిపాటి. మే మీ పర్యాయ మొక చిన్న విషయమును దీసికొంటిమి. అది యొక పేరు మాత్రమే. మన తాతల తరమున వాడవాడలను వినవచ్చి, మన మనుమల తరమున బడి పట్టికలలో వెదకినను గానరాకున్న ‘భావనారాయణ’ యను పేరు. ఈ పేరెక్కడ పుట్టినది? మనలో నెట్లు వ్యాపించినది? ఇతర నామములవలె దేశమంతటఁ బ్రాఁకక యేల యరుదుగా నిలిచినది? ఈ మూఁడు ప్రశ్నలకును మాకుఁ దెలిసినంతవఱకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట రూపభేదములను జూతము. భావనారాయణ, భావయ్య, భావన్న, భావన, భావనర్షి – ఈ యైదు రూపములును ఒక్క కుటుంబమునకుఁ జెందినట్లే కనఁబడును. కాని వ్యాకరణదృష్టితోఁ జూచినచో వీనికి వేళ్లు రెండు. ‘భావ’ శబ్దముతో ‘నారాయణ’ శబ్దము చేరఁగా నైనది మొదటిది. ‘భావనా’ శబ్దముతో ‘ఋషి’ శబ్దము చేరి, మహర్షి యనునట్లే, గుణసంధిచే నైనది ‘భావనర్షి’; వాడుకలో భావనారుషి. ఒకటి దేవుని పేరు. రెండవది ముని పేరు. ఇఁక భావన్న యన్నచో, భావ-అన్న యని విడఁదీయవచ్చును. భావనర్షికి ముద్దుపేరనియుఁ జెప్పవచ్చును. తిక్కన, పోతన యన్నట్లు ‘భావన’ యనియు నగును. కావున నొకని పేరు భావన్న యైనంతమాత్రమున నతఁడు దేవుని పేరిటివాఁడా, ముని పేరిటివాఁడా యని యక్షరములనుబట్టి నిర్ణయింప వలనుపడదు. ఆ యింటివా రే గుడికి మ్రొక్కుకొనిరో యడిగి తెలిసికొనవలసినదే.

దేవుని సంగతి చూతము. ఆంధ్రదేశమున భావనారాయణస్వామి క్షేత్రము లైదని ప్రసిద్ధి: బాపట్ల, పొన్నూరు, కృష్ణాతీరమున భావదేవరపల్లి, కాకినాడ చెంత సర్పవరము, గోదావరి నడుమ పట్టిసము. బాపట్లకు భావపురి యని నామాంతరము గలదు. స్వామి పేరే యూరి పేరై, యా యూరి పేరే 2022 లో నొక జిల్లాకుఁ బేరైనది. పొన్నూరిలోని స్వామి సాక్షి భావనారాయణుఁడు. కాశీయాత్రలో నొక వృద్ధుఁడు తన కూఁతు నిత్తునని చెప్పి, యింటికి వచ్చి మాట తప్పఁగా, వరునిపక్షమున సాక్ష్యము పలుకుటకై స్వామియే తరలివచ్చెనని యచ్చటి స్థలపురాణము. సర్పవరమున నారదుఁడు కొలనిలో మునిఁగి స్త్రీయై యఱువదిమంది కొడుకులను గనెననియు, వారే ప్రభవాది సంవత్సరములైరనియుఁ జెప్పుదురు. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున నీ సర్పవరమును బేర్కొనియున్నాఁడు. మాఘమాసపు టాదివారములం దచ్చట జరుగు తీర్థమున కిప్పటికిని జనులు తండోపతండములుగా వత్తురు.

మన దేశమున బిడ్డలకుఁ జేరువనున్న దేవుని పేరు పెట్టుట పూర్వాచారము. సింహాచలముచుట్టు నప్పన్నలు, శ్రీకూర్మముదిక్కునఁ గూర్మయ్యలు, కోటప్పకొండచుట్టుఁ గోటయ్యలు, మంగళగిరిలోఁ బానకాలు, అహోబిలము దిక్కున నోబయ్యలు, పెంచలకోన సీమలోఁ బెంచలయ్యలు, వేములవాడప్రాంతమున రాజన్నలు – వీరిని బట్టి దేశపటమునే గీయవచ్చును. పేరు విన్నంతనే యూరు తెలియుచుండెడిది. అట్లే భావన్న యనఁగా గుంటూరు, కృష్ణా, గోదావరి మండలముల తీరపువాఁడని పోల్చికొనుట సులభము. ఈ పేరు మన కులమునకే పరిమితము కాదనియు నిచ్చటనే చెప్పుట న్యాయము. కమ్మవారి చరిత్రము వ్రాసిన కొత్త భావయ్య చౌదరిగారు గుంటూరుమండలమువారే. ఆ సీమలో బ్రాహ్మణులు మొదలుకొని యనేక కులములవా రీ పేరు ధరించియున్నారు.

మన కులపురాణమున నున్నది వేఱొక కథ. మార్కండేయుఁడు హోమము చేయఁగా నగ్నికుండమునుండి భావనర్షి యుదయించెను. తామరతూఁటి దారముతో దేవతలకు వస్త్రము నేసి యిచ్చెను. సూర్యపుత్రిక యగు భద్రావతిని వివాహమాడెను. ఆయనకు నూటొక్కరు కుమారులు. వ్యాఘ్ర మాయనకు వాహనము. ఈ కథ మన యిండ్లలోఁ దల్లులు బిడ్డలకుఁ జెప్పినదే కాక, 1909 లో థర్‌స్టన్ దొర ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమునను జోటు చేసికొన్నది. పద్మశాలి యను మన పేరునకుఁ దామరతో నున్న సంబంధ మీ కథనుండియే వచ్చినది.

ఈ రెండు సంప్రదాయములు మన వారిలోఁ గలిసిపోయినవి. మన కులస్థులు గట్టించిన యాలయములలోఁ గొన్నింట స్వామిని భద్రావతీసమేత భావనర్షి యందురు. కొన్నింట భద్రావతీసమేత భావనారాయణస్వామి యందురు. ఋషి నారాయణాంశసంభూతుఁడని నమ్మిన మనవారికి భేదము తోఁపలేదు. ఐనను జరిత్ర వ్రాయువాఁడు భేదమును గుర్తింపవలయును. మేము తెలిసికొన్న సులభమైన గుఱుతొకటి గలదు: స్వామి ప్రక్కనున్న యమ్మవారి పేరడుగుఁడు. రాజ్యలక్ష్మి యన్నచో నది క్షేత్రసంప్రదాయము. భద్రావతి యన్నచో నది మన కులసంప్రదాయము. “భావనారాయణ యనువారందఱు మనవారే, ఆ యైదు క్షేత్రములును మనవే” యని యుత్సాహముతోఁ బలుకు మిత్రులు కొంద ఱున్నారు. వారి కులాభిమానమునకు మా నమస్కారము. కాని యసత్యముపైఁ గట్టిన గౌరవము నిలువదు. మనకుఁ గలది చాలును.

మఱి యీ నామము మనలో నింతగా వ్యాపించుటకుఁ గారణమేమి? నేఁతగాండ్రు కాఁపురమున్న తీరమును, భావనారాయణ క్షేత్రములున్న తీరమును నొక్కటియే యగుటయని మా యభిప్రాయము. 1606 లో డచ్చివారు పెటపోలియని పిలిచిన నిజాంపట్నమునందును, 1611 లో నాంగ్లేయులు మచిలీపట్నమునందును వర్తకస్థానములు నెలకొల్పినది ముఖ్యముగా మన తీరపు వస్త్రములకొఱకే. నిజాంపట్నము బాపట్లకుఁ జేరువ. మచిలీపట్నమునకు దక్షిణమున భావదేవరపల్లి. ఉప్పాడ మగ్గములకు సర్పవరము దగ్గఱ. చీరాల, పేరాల, మంగళగిరి, పెడనలను వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఇంటిలోఁ గులపురుషుఁడు భావనర్షి, ఊరిచెంత దేవుఁడు భావనారాయణుఁడు – ఇరువురి పేరు నొక్క బిడ్డయందే నిలుపవచ్చునన్నచో నే తల్లిదండ్రులు వలదందురు?

ఇంత బలమున్న పేరు దేశమంతట నేల వ్యాపింపలేదు? దీనికి సత్యనారాయణ నామముతోఁ బోల్చి చూచిన సమాధానము దొరకును. అన్నవరమున స్వామి వెలసినది ఖర నామ సంవత్సరమున, అనఁగా 1891 లో. భావనారాయణ క్షేత్రములతోఁ బోల్చిన నది నిన్నటిమాట. ఐనను నేఁడు సత్యనారాయణలు లేని యూరు లేదు. కారణ మా స్వామికి వ్రతము గలదు. వ్రతమునకు గుడికి పోనక్కఱలేదు; పీటయు, కలశమును, ప్రసాదమును, కథయు నున్నఁ జాలును; ఇంటింటఁ జేసికొనవచ్చును. పేరు కథతో నడచినది. భావనారాయణునకు గుడి గలదు, తీర్థము గలదు, స్థలపురాణము గలదు. ఇంటింట జరుగు వ్రతము లేదు. అందుచే నా పేరు గుడిగంట వినఁబడునంత మేరయందే నిలిచినది.

ఇఁక క్షీణదశ. దీని నొకింత బాధతో వ్రాయవలసియున్నది. మా పితామహుని పేరు భావన్న. వత్తు పలుకని మా వాడలో నది ‘బావన్న’ యయ్యెను. “బావయు నతఁడే, అన్నయు నతఁడే, ఏ వరుసఁ బిలుతము?” అని మఱఁదండ్రు నవ్వెడివారు. ఆ నవ్వులో నాప్యాయత యుండెడిది. ఆయన పేరే మా యింట నొక బాలునకుఁ బెట్టితిమి. బడిలో దానిని ‘బావ’ యని వ్రాసిరి, తోడిబాలురు వెక్కిరించిరి, వాఁ డేడ్చుచు వచ్చి పేరు మార్పుఁడని పట్టుపట్టెను. మార్చితిమి. ఆ దినమున మా తాత పటము వంకఁ దలయెత్తి చూడలేకపోతిమి. ఇట్టిది మా యింట మాత్రమే జరిగినది కాదని బంధువుల మాటలవలనఁ దెలిసినది. అదియుఁ గాక ‘భావన’ యనునది యిప్పు డాఁడుబిడ్డల పేరుగాఁ బ్రసిద్ధికెక్కినది. పేరు చక్కనిదే, కాని మగబిడ్డకుఁ బెట్టుటకుఁ దల్లిదండ్రులు వెనుదీయుచున్నారు. ఉద్యోగములలో నున్నవారు మొదటి భాగమును బొడియక్షరముగాఁ గుదించి వట్టి నారాయణలైరి.

షోలాపురము మొదలగు చోట్లకు వలసపోయిన మనవారిని జూచి నేర్వవలసిన దొకటి గలదు. మహారాష్ట్రభాష నడుమ తరతరములుగా నుండియు వారు శ్రావణపూర్ణిమనాఁడు మార్కండేయుని రథోత్సవమును మానలేదు. పరదేశమున రథమును లాగుచున్నవారుండఁగా, స్వదేశమున నొక పేరును మనము మోయలేమా?

బాపట్ల స్వామివారి గాలిగోపురము 2011 లోఁ గూలినది. రాతితోఁ గట్టినదే కూలునప్పుడు నోటితోఁ బలుకుటచే మాత్రమే బ్రదుకు పేరు మాట చెప్పనేల? పలుకుట మానిన దినముననే యది లేదు. కావునఁ గులబాంధవులకు మా విన్నపము రెండే. ఇంట మగబిడ్డ పుట్టినచో నీ పేరును స్మరింపుఁడు. వ్యవహారమునకు నూతననామ మున్నను బారసాలనాఁడు బియ్యములో వ్రాయు పేరులయం దిదియు నొకటి కానిండు. ఇంటిలోని వృద్ధులను గూర్చుండఁబెట్టుకొని వంశములోని భావన్నల పేరులను, వారి యూళ్లను, వారు మ్రొక్కిన గుడులను వ్రాసి యుంచుఁడు. ఆ వ్రాఁతలు చేరినచో ముందు సంచికలో నింతకంటె సమగ్రమైన చరిత్ర వ్రాయఁగలవా రుందురు. మా వ్యాసము దానికిఁ బడుగుమాత్రమే; పేక మీరు పోయవలయును.