పడిగె నుంచి గోడదాకా

భద్రాచలం, మణుగూరు, గుండాల వైపు కోయగూడేల్లో ఇలవేల్పు కథ గుడ్డ మీద ఉంటుంది. ఆ గుడ్డను పడిగె అంటారు. మూడు మూలల పొడవాటి జెండా అది. ఒకవైపు వెడల్పుగా మొదలై రెండోవైపు మొన తేలుతుంది. రంగురంగుల గుడ్డముక్కలను బొమ్మలుగా కత్తిరించి దానిమీద కుడతారు, కొన్నిటిని రంగుతో గీస్తారు. సూర్యచంద్రులు, పులి, పాము, తాబేలు, చెట్టు, గుర్రమెక్కిన వీరుడు కనిపిస్తారు. ఆ వంశం ఎక్కడ పుట్టిందో, ఏ ఏరు దాటి వచ్చిందో, ఎవరితో తలపడిందో చెప్పే గుర్తులవి. కోయల్లో గోత్ర సమూహాన్ని గట్టు అంటారు. మూడో గట్టు మొదలుకొని ఏడో గట్టు దాకా ఉన్న వంశాలకు వేల్పులు వేరు, పడిగెలు వేరు. ఒక గట్టు పడిగెను మరో గట్టువాళ్లు ఎత్తుకోరు.

పడిగె ఎప్పుడూ కళ్లముందు ఉండే వస్తువు కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు వేల్పు దగ్గర మడతలోనే ఉంటుంది. దాని బాధ్యత పూజారి అయిన వడ్డెది. జాతర రోజున వెదురుకర్రకు కట్టి, డోలు మోతతో బయటికి తెస్తారు. అప్పుడు దాన్ని ఊరంతా చూస్తుంది, చుట్టుపక్కల గూడేలూ చూస్తాయి. చూస్తే సరిపోదు, వినాలి కూడా. బొమ్మలను వరసగా విప్పి చెప్పేవాళ్లు డోలీ కోయలు. వంశవృక్షాలు, పుట్టుకథలు, యుద్ధగాథలు వాళ్ల నోట తరతరాలుగా నిలిచాయి. పెళ్లికీ చావుకీ జాతరకీ వాళ్లు రావలసిందే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపరలోని గాయకుడు. కంచుమేళంతో, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథనూ, పగిడిద్దరాజు కథనూ కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ తర్వాత కన్నుమూశారు. అటువంటి గొంతు ఒకటి పోయినప్పుడు పడిగె మీద బొమ్మ మిగులుతుంది కానీ దాన్ని చదివి చెప్పే మనిషి తగ్గిపోతాడు. ఈ ప్రాంతపు చిత్రకళ గురించి ఏం మాట్లాడినా ముందు గుర్తుంచుకోవలసింది ఇదే.

పడిగె పక్కనే రోజువారీ కళ ఒకటి ఉంది. గూడెంలో మట్టిగోడలను ఆడవాళ్లు ఎర్రమన్నుతో అలికి, సున్నంతో అంచులు దిద్ది, ముగ్గులు వేస్తారు. వానకు అది కరిగిపోతుంది, మళ్లీ వేస్తారు. దీనికి వడ్డె అనుమతి అక్కర్లేదు, గట్టు నియమం అడ్డురాదు. గుడ్డ మీది బొమ్మకు కాపలా ఉంది, గోడ మీది ముగ్గుకు లేదు. ఈ తేడా ఇవాళ పట్టణపు గోడల దగ్గర మళ్లీ ముందుకొచ్చింది.

భద్రాచలం తాలూకా పాలన చాలా చేతులు మారింది. 1874 దాకా మధ్యపరగణాల కింద, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి ఏజెన్సీలో చేరి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లా అప్పటికి ఆరేళ్ల కిందటే, 1953లో, వరంగల్ నుంచి విడివడింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. ఎవరి పాలనలో ఉన్నా, చిత్రకళాశాలలు, సంస్థానాల ఆదరణ, పత్రికల కొలువులు ఉన్న మద్రాసుకూ హైదరాబాదుకూ ఈ అడవి దూరంగానే ఉండిపోయింది. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో కోయల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశాడు. బయటి ప్రపంచం కోయలను చాలాకాలం అలాంటి రాతల్లోనే చూసింది, వాళ్ల బొమ్మల్లో చూడలేదు.

భద్రాచలం ఊరి బొమ్మలు వేరు. కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో కట్టించిన గుడి చుట్టూ పెరిగిన పట్టణం కనుక ఇక్కడి బొమ్మలకు మూలం రామాయణం. సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరాన పర్ణశాలలో మాయలేడినీ, సీత దగ్గరికి వచ్చిన రావణుణ్ణీ నిలువెత్తు బొమ్మలుగా ఆరుబయట నిలబెట్టారు. చదువురాని యాత్రికుడికీ కథ అర్థమయ్యేలా, టికెట్టు గదులూ గాజు పెట్టెలూ లేకుండా అమర్చిన కళ అది. నగరాల్లో ఇప్పుడు ‘పబ్లిక్ ఆర్ట్’ అని పిలుస్తున్న పనిని యాత్రాస్థలాలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. కానీ ఊరి చుట్టూ ఉన్న కోయగూడేల బొమ్మ చాలాకాలం ఊళ్లోకి రాలేదు. సంతకు కోయలు వచ్చారు, ఉత్సవాలకు కొమ్ముకోయ నృత్యం వచ్చింది, పడిగె మాత్రం అడవిలోనే ఆగింది.

ఖమ్మం వైపు వీధిలోకి వచ్చిన మరో దృశ్యం ఎర్రది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం, ఆ తర్వాత దశాబ్దాల్లో గోదావరి లోయ ఉద్యమాలు ఈ జిల్లా ఊళ్లలో అమరుల స్థూపాలు వదిలాయి. నాలుగు పలకల దిమ్మె, పైకి సన్నబడే స్తంభం, కొసన సుత్తీకొడవలి, కింద పేర్లూ తేదీలూ. వర్ధంతికి ముందు మళ్లీ ఎర్ర రంగు పూస్తారు. కట్టేది ఊరి మేస్త్రీయే, పేర్లు రాసేది పక్క ఊరి పెయింటరే. ఇల్లందు, గుండాల దారుల్లో ఇవి మలుపు గుర్తులుగా కూడా పనికొస్తాయి. శిల్పకళా చరిత్రలు వీటిని పట్టించుకోలేదు, అది లోపమే. జనం చందాలతో నిలబెట్టి, ఏటేటా తామే కాపాడుకునే శిల్పం ఇంత విరివిగా ఉన్న ప్రాంతాలు తెలుగునాట అరుదు.

గోడ రాతల కథా దీనికి దగ్గరిదే. ముందు సున్నం కొట్టి, నూలుదారంతో గీతలు పట్టి, కావితోనో నీలిమందుతోనో మనిషెత్తు అక్షరాలు దించేవాళ్లు. ఎన్నికలప్పుడు రాత్రంతా ఈ పని నడిచేది. అదే చేతులు తెల్లారితే సినిమా బ్యానర్లు, దుకాణం బోర్డులు, లారీ వెనక రాతలు చేసేవి. ఫ్లెక్సీ వచ్చాక ఆ జీవనం దెబ్బతింది. ఒక బ్యానరుకు వారం పట్టే పని గంటలో ముద్రణ అయిపోయింది. చాలామంది కుంచె వదిలి ఇళ్లకు రంగులు వేసే పనికి మళ్లారు.

గోడ మళ్లీ కళకు ఆధారం కావడం ఇటీవలి మాట. ఢిల్లీ లోధీ కాలనీ ప్రభుత్వ క్వార్టర్ల గోడలను 2015 నుంచి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చిత్రకారులకు తెరిచింది. 2016లో అదే సంస్థ హైదరాబాదుకు వచ్చి, రాజ్‌భవన్ పక్కన ఉన్న ఎం.ఎస్. మక్తాను ఎంచుకుంది. ఇరుకు సందులు, చిన్న ఇళ్లు ఉన్న శ్రామికుల బస్తీ అది. స్వాతి, విజయ్ దంపతుల వంటి చిత్రకారులు అక్కడి జనం బతుకులోంచే బొమ్మలు తీసుకున్నారు. గ్యాలరీ గడప తొక్కని మనుషులు తమ గుమ్మం ఎదుట నిచ్చెన వేసుకుని చిత్రకారులు పనిచేయడం చూశారు, రంగు గురించి అభిప్రాయాలు చెప్పారు. బొమ్మ ఏ ఇంటి గోడ మీద ఉంటుందో ఆ ఇంటివాళ్లతో మాట్లాడి వేయడం ఈ పద్ధతికి ప్రాణం.

జిల్లా పట్టణాలకు చేరేసరికి ఆ ప్రాణం పలచబడింది. 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు మొదలయ్యాక మున్సిపాలిటీలు గోడలకు బొమ్మలు వేయించడం మొదలుపెట్టాయి. చెత్త పడేసే మూలలు శుభ్రపడ్డాయి, పని లేని పెయింటర్లకు నాలుగు రోజుల కూలి దొరికింది. ఆ మేలు కాదనలేనిది. కానీ ‘గిరిజన కళ’ అనగానే తెలంగాణ బడిగోడల మీదా ఆఫీసు ప్రహరీల మీదా తరచుగా కనిపించేది మహారాష్ట్ర వార్లీల బొమ్మ. రెండు త్రికోణాల ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లుచేతులు, గుండ్రంగా నాట్యం. కాపీ చేయడం సులువు, చూడటానికి బాగుంటుంది, అందుకే అంతటా పాకింది. పడిగెలున్న నేల మీద వార్లీ బొమ్మలు వేయించడం అన్యాయం. వార్లీలకూ అది న్యాయం కాదు. వాళ్ల పెళ్లి గోడ మీది పవిత్ర చిత్రం ఇక్కడ ఖాళీ నింపే అలంకారంగా మారింది.

ఇందుకు భిన్నమైన దారి మధ్యప్రదేశ్‌లో ఉంది. గోండుల కథాగాయకులు పర్ధాన్లు, అంటే కోయలకు డోలీలు ఎలాగో గోండులకు వాళ్లు అలాగ. భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్న రోజుల్లో, 1981 ప్రాంతంలో, చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం పాటన్‌గఢ్‌లో జంగఢ్ సింగ్ శ్యామ్ అనే పర్ధాన్ కుర్రవాడి గోడబొమ్మలు చూసింది. అతను భోపాల్ వచ్చి కాగితం మీదా కాన్వాసు మీదా వేశాడు, 1989లో పారిస్ ప్రదర్శనకు వెళ్లాడు, మధ్యప్రదేశ్ శాసనసభ భవనపు గోడలకూ బొమ్మలు వేశాడు. పాడే వంశం గీసే వంశమైంది. బొమ్మ బయటికి వచ్చినా దాని సొంతదారుల చేతిలోనే ఉండిపోవడం అక్కడ విశేషం. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ అతను ప్రాణం తీసుకోవడం ఆ దారిలోని నష్టాన్నీ చెబుతుంది.

కోయల వైపు అటువంటి మలుపు ఆలస్యంగా వచ్చింది. జయధీర్ తిరుమలరావు ‘ఆద్యకళ’ పేరుతో సేకరించిన ఆదివాసీ వస్తువుల్లో పడిగెలు హైదరాబాదు ప్రేక్షకులకు కనిపించాయి. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలోని గిరిజన మ్యూజియాన్ని 2025లో కొత్తగా తీర్చిదిద్దారు. రాముణ్ణి చూడటానికి వచ్చిన యాత్రికుడు ఇప్పుడు కోయ, కొండరెడ్డి ఇళ్లనూ పనిముట్లనూ కూడా చూసి వెళ్లవచ్చు. 2026 సమ్మక్క సారలమ్మ జాతరకు ముందు మేడారం గద్దెల ప్రాంగణాన్ని రాతితో కట్టినప్పుడు కోయ గట్టుల గుర్తులను శిలల మీద చెక్కారు.

పడిగె బొమ్మ రాతి మీదికీ సిమెంటు గోడ మీదికీ వచ్చినప్పుడు మూడు సంగతులు మారతాయి. మూడు మూలల ఆకారం పోయి నలుచదరం వస్తుంది, దాంతో పై నుంచి మొనదాకా సాగే కథాక్రమం చెదురుతుంది. జాతర రోజున మాత్రమే కనపడవలసిన బొమ్మ ఏడాది పొడవునా బస్సుల దుమ్ములో కనపడుతుంది. ఏ గట్టు గుర్తు ఎవరి గోడ మీద ఉండాలన్న ప్రశ్న కూడా వస్తుంది; దానికి జవాబు కాంట్రాక్టరు దగ్గర ఉండదు, వడ్డె దగ్గరా గట్టు పెద్దల దగ్గరా ఉంటుంది. అలికిన గోడల ముగ్గులనూ అంచులనూ ఎవరైనా వేయవచ్చు కనుక పట్టణానికి మొదట తేదగ్గవి అవి. వేల్పు బొమ్మలు తేవాలంటే పెద్దల మాట కావాలి, గీసేది కోయ చెయ్యే కావాలి, పక్కన కథ తెలుగులోనూ కోయభాషలోనూ రాసి ఉండాలి. ఆ కథ చెప్పగల డోలీలకు బొమ్మ వేసిన చిత్రకారుడితో సమానంగా కూలి ముట్టాలి.