లదేణి బాట నుంచి రీల్స్ దాకా: సోషల్ మీడియా ఎట్ల పుట్టింది, మార్కెట్‌ను ఎట్ల మార్చింది?



పొద్దున లేస్తే మన ఫోన్లల్ల రీల్సు, స్టేటస్‌లు, ఆఫర్ మెసేజ్‌లే. ఇవి ఎక్కడి నుంచి వచ్చినయి, వీటి మీద ఎవరు సంపాదిస్తున్నరు, మనకేం దక్కుతున్నది? కాలేజీ దాకా వచ్చిన మనమే తెలుసుకోకపోతే తండాలో, చెంచుపెంటలో ఎవరు చెప్పాలె? పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి.

ముందు మన చరిత్ర చూద్దాం. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన జాతి. ఆ వ్యాపారాన్నే మనోళ్లు లదేణి అంటరు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఒక్కో బిడారులో 10, 12 వేల ఎద్దులు నడిచేవని రాసిండు. ఆ బిడారు సరుకుతో పాటు కబురు కూడా మోసేది. ఎక్కడ కరువున్నది, ఎక్కడ ధాన్యం ధర పెరిగింది అన్నది తిరిగేటోనికే తెలుస్తది. తర్వాత రోడ్లు పడ్డయి, రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. రైలుతో ఎద్దు పోటీ పడలేకపోయింది. లదేణి ఆగింది. వ్యాపారం పోయినోళ్లు వ్యవసాయానికి, కూలికి దిగిండ్రు. తర్వాతి తరాలు మేస్త్రీల వెంట "పాలమూరు లేబర్" అయి దేశాలు పట్టి పోయినయి.

దీంట్ల ఒక పాఠం ఉన్నది. సరుకు, కబురు నడిచే దారి మారినప్పుడల్లా కొందరు బాగుపడుతరు, కొందరు రోడ్డున పడుతరు. ఇప్పుడు మళ్లీ దారి మారుతున్నది.

సోషల్ మీడియా వెనకున్న ఆలోచన మనకు కొత్త కాదు. రెండు తండాలోళ్లు దేవరకొండ బస్టాండ్ల కలిస్తే ముందు గోత్రం అడుగుతరు, తర్వాత తండా పేరు. నాలుగో మాటకల్లా ఏదో ఒక చుట్టరికం తేలుతది. 1997లో అమెరికాలో మొదలైన సిక్స్ డిగ్రీస్ అనే సైటు ఇదే లెక్క మీద నడిచింది. లోకంలో ఎవరినైనా ఆరుగురి ద్వారా అందుకోవచ్చు అన్నది దాని పేరుకు అర్థం. కానీ అప్పటికి ఇంటర్నెట్ ఉన్నోళ్లే తక్కువ, ఎక్కువ కాలం నిలవలేదు. 2002లో ఫ్రెండ్‌స్టర్, 2003లో మైస్పేస్ వచ్చినయి. 2004 జనవరిలో గూగుల్ వాళ్ల ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మొదలైనయి. మన సీనియర్లు ఇంటర్నెట్ సెంటర్ల గంటకింత అని కట్టి చూసింది ఆర్కుట్‌నే. అది 2014లో మూతపడ్డది. 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ పుట్టినయి. ఫేస్‌బుక్ మన దేశంలో మొదటి ఆఫీసు తెరిచింది 2010లో, హైదరాబాద్‌లనే. అయినా తండాల దాకా ఇవి జోరుగా వచ్చింది 2016లో జియోతో డేటా అగ్గువ అయినంక.

ఇగ మార్కెట్ సంగతి. మన దిక్కు అంగట్ల వ్యాపారం నోటిమాట మీదనే నడిచేది. ఏ దుకాణంల విత్తనం మంచిది, ఎవరి ఎద్దు ఒట్టిపోయిన రకం అన్నది తెలిసిన మనిషి చెప్తేనే నమ్మేటోళ్లం. పేపరు, టీవీ ప్రకటనలు అందరికీ ఒకే మాట చెప్పేవి. 2007లో ఫేస్‌బుక్ తన ప్రకటనల పద్ధతి తెచ్చింది. నీ వయసు, నీ ఊరు, నీకు నచ్చినవి, నీ దోస్తులు, అన్నీ చూసి నీకు తగిన ప్రకటన నీకే చూపెట్టుడు. అంటే కంపెనీలు మన నోటిమాటను కొనుక్కున్నయి. ఆ కంపెనీకి వచ్చే ఆదాయంల 100కు 95 రూపాయల కంటే ఎక్కువ ప్రకటనల నుంచే. మనం చూసే టైమే అక్కడ సరుకు.

మన తాతలు ఎద్దుల మీద సరుకు మోస్తే కిరాయి దొరికింది. ఇయ్యాల మనం ఫోన్ల మీద కంపెనీల సరుకు షేర్ చేసి మోస్తున్నం, కిరాయి మాత్రం లేదు.

అట్లని ఫోను పారేయమని కాదు. పనిముట్టు పట్టుకునే చేతిని బట్టి ఉంటది. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మనోళ్లకు సభలు, కరపత్రాలు, పత్రికలే దిక్కు. ఫేస్‌బుక్ ఇంకా పుట్టలేదు. 2019లో అమ్రాబాద్ అడవిల 83 చదరపు కిలోమీటర్లల్ల యురేనియం వెతుకుతమన్నప్పుడు "సేవ్ నల్లమల" అనే మాట ఫోన్లన్నీ చుట్టింది. ముందు కదిలింది చెంచులు, చుట్టుపక్క ఊళ్లోళ్లు. తర్వాత సినిమావాళ్లు గొంతు కలిపిండ్రు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఒక్క ఫోన్లతోనే అయింది కాదు. కానీ పెంటల మాట పట్నందాకా పోవడానికి అది దారి ఇచ్చింది.

వ్యాపారంల కూడా గదే ప్రశ్న. మన తీజ్ పాటలు, ఫేట్యా, కాంచళి మీద అద్దాల కుట్టు యూట్యూబ్‌ల, ఇన్‌స్టాల బాగ తిరుగుతున్నయి. చూసేటోళ్లు లక్షల్లో ఉంటే కుట్టిన అవ్వకు ఎంత ముట్టింది? చెంచులు తేనె, జిగురు అమ్ముకోవడానికి 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉన్నది. ఆ తేనె వెనక ఎంత కష్టమున్నదో, తాళ్లు పట్టుకొని కొండ అంచుల్ల ఎట్ల దిగుతరో కొనేటోళ్లకు తెలుస్తున్నదా? ఆ కథ మనం చెప్పకపోతే ఇంకెవడో చెప్పి అమ్ముకుంటడు.

అందుకని మనం చేయాల్సినవి కొన్ని:

ఒకటి, అవ్వ కుట్టిన బట్ట ఫొటో పెడితే అవ్వ పేరు, తండా పేరు పెట్టాలె, అది ముందు ఆమెను అడిగి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌ల ధరల పట్టీ పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు.

రెండు, పైసలు తీసుకొని ఏదన్నా సరుకును పొగిడితే అది ప్రకటన అని చెప్పాలె. 2023 నుంచి కేంద్రం మార్గదర్శకాలు ఇదే చెప్తున్నయి. మనోడు చెప్పిండని తండా మొత్తం నమ్ముతది, ఆ నమ్మకాన్ని అమ్ముకోవద్దు.

మూడు, లోన్ యాపులు, ఇంటి నుంచి పని అనే ప్రకటనల్ల పైసలు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలె.

రైలు వచ్చిన నాడు మనల్ని ఎవరూ అడగలేదు, మనకు ముందు తెలియలేదు. ఈసారి తెలుసు. మీ తండాల, మీ పెంటల ఎవరు ఏం చేస్తున్నరో, ఏం అమ్ముతున్నరో కింద రాయండి. అన్నీ ఒక్క దగ్గర చేర్చుదాం.